బిల్లింగ్ యాప్ అప్‌డేట్ పేరుతో పాత లెక్కలు తుడిచిపెట్టుకుపోతున్నాయి: గుంటూరు, బెజవాడ షాపులవాళ్లకి హెచ్చరిక

గుంటూరు మిర్చి యార్డు కమీషన్ కొట్లలో, పట్నంబజారులో, విజయవాడ వన్‌టౌన్ హోల్‌సేల్ షాపుల్లో ఫోన్లో నడిచే బిల్లింగ్ యాప్ డబ్బు కట్టి కొన్నవాళ్లు దయచేసి చివరిదాకా చదవండి.

జరిగేది ఇదీ. యాప్ అమ్మినవాళ్లు కొత్త వెర్షన్ అంటూ ఏపీకే ఫైలు (ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్‌ని ఎక్కించే ఫైలు) వాట్సాప్‌లో పంపుతారు. నొక్కితే "యాప్ నాట్ ఇన్‌స్టాల్డ్" అని వస్తుంది. ఫోన్ చేస్తే "పాతది తీసేసి కొత్తది వేసుకోండి సార్, డేటా ఎక్కడికీ పోదు" అంటారు. లెక్కలు ఫోన్లోనే దాచే యాప్ అయితే, పాతది తీసేసిన మరుక్షణం బాకీలు, తక్‌పట్టీలు (సరుకు అమ్మకం చీటీలు), స్టాకు అన్నీ పోతాయి. ఎవరు చెప్పినా అన్‌ఇన్‌స్టాల్ నొక్కకండి. "క్లియర్ డేటా" కూడా అంతే ప్రమాదం. "క్లియర్ క్యాష్" ఒక్కటే సాధారణంగా లెక్కల జోలికి రాదు.

ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్ మీదా తయారుచేసినవాళ్ల డిజిటల్ సంతకం ఉంటుంది. కొత్త ఫైలు అదే ప్యాకేజీ పేరుతో (ఫోను యాప్‌ని గుర్తుపట్టే లోపలి పేరు), అదే సంతకంతో వస్తే ఫోను పాతదాని మీదే ఎక్కిస్తుంది, డేటా అలాగే ఉంటుంది. సంతకం వేరైతే ససేమిరా ఎక్కించదు. పాత ప్రోగ్రామర్ మానేశాక కొత్తవాడు తన కంప్యూటర్‌లోని వేరే తాళంతో (సంతకం వేసే డిజిటల్ కీ) తయారుచేస్తే ఇలా అవుతుంది. మీ ఫోన్లో ఉన్నది ప్లే స్టోర్ కాపీ అయి, వాట్సాప్‌లో వచ్చింది ఇంకో కాపీ అయినా ఇదే తంతు. తప్పు మీ ఫోనుది కాదు, వాళ్లది. పాత సంతకంతోనే మళ్లీ తయారుచేసి పంపమని గట్టిగా అడగండి. తాళం వాళ్ల దగ్గరుంటే అది పెద్ద పనేం కాదు. పోగొట్టుకున్నామంటే, లెక్కలన్నీ ఎక్సెల్‌లోకి తీసి మీ చేతికిచ్చాకే మిగతా మాట.

బ్యాకప్ తీశాం కదా అని ధీమాగా ఉండేవాళ్లకి ఇంకో దెబ్బ ఉంది. చాలా యాప్‌లు ఆ బ్యాకప్ ఫైలుని ఆండ్రాయిడ్ ఫోల్డర్ లోపల 'డేటా' అనే చోట, తమ సొంత ఫోల్డర్‌లోనే పెడతాయి. యాప్ తీసేస్తే ఆ ఫోల్డరూ దానితోపాటే పోతుంది. ఆండ్రాయిడ్ 11 నుంచి మామూలు ఫైల్ మేనేజర్‌కి అది కనపడటం కూడా కష్టం. బ్యాకప్ ఫైలు డౌన్‌లోడ్స్‌లోనో డాక్యుమెంట్స్‌లోనో ఉండాలి, అక్కడినుంచి పెన్‌డ్రైవ్‌కీ గూగుల్ డ్రైవ్‌కీ చేరాలి. సైజు చూడండి: రెండేళ్ల బిల్లులున్న ఫైలు ఐదారు కేబీ మాత్రమే ఉందంటే అందులో ఏమీ లేనట్టే.

గూగుల్ ఆటో బ్యాకప్ మీద ఆధారపడొద్దు. యాప్‌కి 25 ఎంబీ వరకే, అదీ తయారుచేసినవాళ్లు అనుమతిస్తేనే. సంతకం మారిన యాప్‌లోకి ఆ బ్యాకప్ దిగదు. పైగా అది చివరి కాపీ ఒక్కటే ఉంచుతుంది. ఖాళీ అయిన యాప్‌ని రాత్రి వైఫైలో చార్జింగ్ పెట్టి వదిలేస్తే మంచి కాపీ మీద ఖాళీ కాపీ ఎక్కేస్తుంది. లెక్కలు మాయమైనట్టు కనిపిస్తే ముందు ఇంటర్నెట్ ఆపండి.

ప్లే స్టోర్ నుంచి సక్రమంగా వచ్చిన అప్‌డేట్‌లోనూ ప్రమాదం ఉంది. కొత్త వెర్షన్‌లో డేటాబేస్ అమరిక మారినప్పుడు పాత పట్టికల్ని కొత్త రూపంలోకి మార్చే కోడ్ రాయాలి. బద్ధకించిన డెవలపర్లు పాత పట్టికని చెరిపేసి కొత్త ఖాళీ పట్టిక పెట్టేస్తారు. అప్పుడు బిల్లులు కనిపిస్తాయి, ఖాతాదారుల పాత బాకీలు మాత్రం సున్నా అవుతాయి. అందుకే అప్‌డేట్‌కి ముందు మూడు అంకెలు కాగితం మీద రాసుకోండి: చివరి బిల్లు నంబరు, మొత్తం రావాల్సిన బాకీ, నిల్వ సరుకు (యార్డువాళ్లైతే టిక్కీలు, అంటే మిర్చి బస్తాల లెక్క). తర్వాత పోల్చండి. ఒక్కటి తేడా వచ్చినా కొత్త బిల్లు కొట్టొద్దు. నంబర్లు మళ్లీ 1 నుంచి మొదలైతే జీఎస్‌టీతో తంటా, ఆర్థిక సంవత్సరంలో ఇన్వాయిస్ నంబరు వరుసగా, రెండోసారి రాకుండా ఉండాలి.

ప్లే స్టోర్‌లో ఆ యాప్ పేజీ తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి, ఆటో అప్‌డేట్ టిక్కు తీసేయండి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సరుకు ఊపులో ఉన్నప్పుడు అసలు అప్‌డేట్ జోలికి పోవద్దు, యార్డుకి వేసవి సెలవులిచ్చాక చూసుకోవచ్చు.

ఇంకా కొననివాళ్లకి ఒక్క పరీక్ష. డెమోలో పది బిల్లులు కొట్టించండి. బ్యాకప్ తీయించి, వేరే ఫోన్లో యాప్ వేసి, ఆ బ్యాకప్ అందులోకి ఎక్కించి చూపించమనండి. క్లౌడ్ యాప్ (లెక్కలు ఫోన్లో కాకుండా ఇంటర్నెట్‌లో దాచేది) అంటే అదే లాగిన్‌తో రెండో ఫోన్లో ఆ పది బిల్లులూ తెరుచుకోవాలి. నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి. యాప్ కొన్న బిల్లులో "డేటా ఎక్సెల్‌లో ఎప్పుడడిగినా ఇస్తాం" అని రాయించుకోవడం మరవద్దు. జీఎస్‌టీ లెక్కలు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాల్సింది మీరు, యాప్ అమ్మినవాడు కాదు.

ఇప్పటికే పోగొట్టుకున్నవాళ్లు "రికవరీ చేస్తాం" అనే షాపులకి వేలు పోయకండి. ఇప్పటి ఫోన్లలో నిల్వ ఎన్‌క్రిప్ట్ అయి (రహస్య సంకేతాల్లోకి మారి) ఉంటుంది, చెరిగిన యాప్ ఫోల్డర్‌ని వెనక్కి తేవడం దాదాపు అసాధ్యం. దానికన్నా వాట్సాప్‌లో మీరు పంపిన పీడీఎఫ్ బిల్లులు వెతకండి. జీఎస్‌టీ నంబరున్న కొనుగోలుదారులకి కొట్టిన బిల్లుల వివరాలు, మీరు దాఖలుచేసిన జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల రిటర్న్) నుంచి జీఎస్‌టీ పోర్టల్‌లో దింపుకోవచ్చు. థర్మల్ కాగితం బిల్లులు వెలిసిపోతాయి, వెంటనే ఫోటో తీసుకోండి.

ఫిర్యాదుకి 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలంటే గడువు రెండేళ్లు. వ్యాపారం కోసం కొన్నారనే అభ్యంతరం అవతలివాళ్లు లేవనెత్తుతారు. సొంత జీవనోపాధికి, సొంతంగా నడుపుకునే షాపుకి కొన్నామని చూపించే కాగితాలు దగ్గర పెట్టుకోండి. "తీసేసి వేసుకోండి" అని వాళ్లు పంపిన మెసేజ్‌ని, వాళ్లు చెరిపెయ్యకముందే, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి ఇంకో ఫోన్‌కి పంపుకోండి.