రివాల్వర్ డ్రై ఫైరింగ్‌కు ఏ-జూమ్ స్నాప్ క్యాప్‌లు: ఎవరు కొనాలి, ఎవరికి అక్కర్లేదు

డబుల్ యాక్షన్ రివాల్వర్‌లో ట్రిగ్గర్ ఒక్క నొక్కుతోనే సిలిండర్‌ను తిప్పి, హ్యామర్‌ను వెనక్కి లేపి వదలాలి కాబట్టి, దానికి సాధారణంగా 10 నుంచి 12 పౌండ్ల బలం కావాలి. ఆ బలం పెడుతూనే ముందు సైటును కదలనివ్వకుండా నిలపడమే అసలు విద్య. అది రేంజిలో డబ్బు పోసి తూటాలు కాల్చడం కన్నా ఇంట్లో ఖాళీ రివాల్వర్ ట్రిగ్గర్ నొక్కుతూ డ్రై ప్రాక్టీస్ (డ్రై ఫైరింగ్) చేయడం వల్లే బాగా పట్టుబడుతుంది. మన దేశంలో లైసెన్సు మీద .32 రివాల్వర్ ఉంచుకునేవారికి తూటాల కొనుగోలుపై కూడా పరిమితి ఉంటుంది కనుక ఈ సాధన మరీ ముఖ్యం. అయితే ఖాళీ ఛాంబర్ (సిలిండర్‌లో తూటా కూర్చునే గది) మీద హ్యామర్ పడితే తుపాకీ పాడవుతుందేమోనన్న సందేహం చాలామందికి ఉంటుంది. ఆ సందేహానికి మందుగా అమ్ముడయ్యే డమ్మీ తూటాలే స్నాప్ క్యాప్‌లు. స్మిత్ అండ్ వెసన్ 686 అనే .357 మ్యాగ్నమ్ రివాల్వర్‌లో నేను వాడుతున్న ఏ-జూమ్ .38 స్పెషల్ క్యాప్‌ల గురించి ఈ సమీక్ష.

ఇవి అల్యూమినియం కడ్డీని తూటా ఆకారంలో చెక్కి, యానోడైజ్ చేసిన డమ్మీలు. నా దగ్గరున్నవి ముదురు వంకాయ రంగులో ఉంటాయి. ప్రైమర్ (తూటా అడుగున, దెబ్బకు అంటుకునే చిన్న బిళ్ల) ఉండవలసిన చోట మెత్తని సింథటిక్ బిళ్ల ఉంటుంది. అసలు తూటా ఉన్నప్పుడు ఫైరింగ్ పిన్ (హ్యామర్ దెబ్బను ప్రైమర్‌కు చేర్చే సన్నని మేకు) మొన ప్రైమర్ పలుచని లోహాన్ని నొక్కి, అక్కడే వేగం కోల్పోతుంది. ఛాంబర్ ఖాళీగా ఉంటే ఆ దెబ్బంతా పిన్ మీద, దాని స్ప్రింగు మీద, ఫ్రేము లోపలి అంచు మీద పడుతుంది. క్యాప్ పెట్టగానే తేడా చెవికే తెలుస్తుంది: టక్కుమనే లోహపు శబ్దం పోయి మందమైన చప్పుడు వస్తుంది.

అలాగని ఇవి లేకపోతే ప్రతి రివాల్వరూ విరిగిపోతుందని అనుకోనక్కరలేదు. సెంటర్‌ఫైర్ రివాల్వర్లను, అంటే తూటా అడుగు నడుమ ప్రైమర్ ఉండే రకాన్ని, డ్రై ఫైర్ చేయవచ్చని స్మిత్ అండ్ వెసన్ స్వయంగా చెబుతుంది. మరో తయారీ సంస్థ రూగర్ మాట కూడా అదే. కొత్త మోడళ్లలో పిన్ ఫ్రేములోనే అమరి ఉంటుంది కనుక, వాటికి క్యాప్ అన్నది కేవలం ముందుజాగ్రత్త. హ్యామర్‌కే పిన్‌ను రివెట్‌తో బిగించిన పాత స్మిత్‌లు, పాత కోల్ట్‌ల సంగతి వేరు. వాటి విడిభాగాలు దొరకడమే కష్టం, దొరికినా అమర్చే పనివాడిని వెతుక్కోవాలి. అలాంటి రివాల్వర్ తాతగారి నుంచి సంక్రమించినవారు మరో ఆలోచన లేకుండా ఈ డబ్బా కొనవచ్చు.

.22 రివాల్వర్‌కు మాత్రం ఈ లెక్కలేవీ వర్తించవు. రిమ్‌ఫైర్ తూటాలో ప్రైమర్ మందు అంచులో ఉంటుంది కనుక పిన్ కూడా అంచునే కొడుతుంది. ఛాంబర్ ఖాళీగా ఉంటే ఆ మొన ఛాంబర్ అంచుకే తగిలి అక్కడ లోహం నలిగి లోపలికి పొడుచుకురావచ్చు. తరువాత తూటా దూరదు, కాల్చిన ఖోకా (ఖాళీ తొడుగు) బయటకు రాదు. అందుకే స్మిత్ అండ్ వెసన్ తన 17, 617 వంటి .22 మోడళ్లను డ్రై ఫైర్ చేయవద్దంటుంది. ఏ-జూమ్ అమ్మే .22 డమ్మీలు కూడా లోడింగ్, అన్‌లోడింగ్ పరీక్షించడానికే తప్ప ట్రిగ్గర్ సాధనకు ఉద్దేశించినవి కావు. పేరు చూసి పొరబడవద్దు. అమెరికాలో చాలామంది షూటర్లు .22లో ట్రిగ్గర్ సాధనకు గోడలో స్క్రూలు బిగించేటప్పుడు వాడే పసుపుపచ్చ ప్లాస్టిక్ యాంకర్లను వాడతారు. అవి అరిగిపోగానే పారేసి కొత్తవి పెట్టుకుంటారు.

క్యాప్ కూడా అరిగే వస్తువే. ఏ కంపెనీదైనా కొన్నాళ్లకు బిళ్ల నడుమ పిన్ మొనంత గుంట పడుతుంది. ఆ గుంట లోతెక్కిన తరువాత పిన్‌కు ఆధారం ఉండదు, క్యాప్ ఉన్నా లేనట్టే. అందువల్ల అప్పుడప్పుడు వెలుతురులో పట్టి చూసి, అవసరమైతే మార్చాలి. పారదర్శక ప్లాస్టిక్‌తో చేసిన చవక రకాల్లో లోపల స్ప్రింగు ఉండటం మంచిదే గాని, స్పీడ్‌లోడర్ (తూటాలన్నీ ఒకేసారి నింపే పరికరం) సాధనలో నేల మీద పదే పదే పడితే వాటి అంచులు చిట్లుతాయి. అల్యూమినియం ఆ దెబ్బలకు తట్టుకుంటుంది. అయితే ఇవి అసలు తూటాల కంటే తేలిక కనుక, సిలిండర్ నుంచి జారి పడే తీరు కాస్త వేరుగా ఉంటుంది.

రివాల్వర్‌ను కాపాడే విషయంలో క్యాప్‌ల కంటే చేతి అలవాటే ఎక్కువ పని చేస్తుంది. సినిమాల్లో చూపినట్టు మణికట్టు విదిలించి సిలిండర్‌ను మూయడం వల్ల క్రేన్ (సిలిండర్‌ను పక్కకు తెరిచే చేయి) వంగి, ఛాంబర్లు బ్యారెల్‌తో సరిగా కలవకుండా పోతాయి. బొటనవేలితో నెమ్మదిగా నెట్టి మూయాలి. సాధనకు కూర్చునే ముందు తూటాలన్నీ వేరే గదిలో పెట్టి, ఒక్కొక్క ఛాంబర్‌నూ కంటితో చూసి వేలితో తడిమి, ఆ తరువాతే క్యాప్‌లు నింపాలి; గురి పెట్టేది తూటా దూరలేని గోడ వైపే కావాలి. వంకాయ రంగు ఇత్తడికి భిన్నంగా కనిపిస్తుందన్న ధీమాతో ఈ తనిఖీ మానకూడదు.

డబ్బాలో 6 క్యాప్‌లు వస్తాయి, ధర 20 డాలర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఆరు గుళ్ల 686కు సరిగ్గా సరిపోతాయి. ఐదు గుళ్ల చిన్న రివాల్వర్‌లో ఒకటి మిగులుతుంది, ఏడు గుళ్ల 686 ప్లస్‌కు రెండో డబ్బా కొనక తప్పదు. .357 మ్యాగ్నమ్ రివాల్వర్ ఉన్నవారు ట్రిగ్గర్ సాధనకు .38 క్యాప్‌లే వాడుకోవచ్చు, ఛాంబర్‌లో ఇబ్బంది లేకుండా కూర్చుంటాయి. స్పీడ్‌లోడర్‌తో .357 తూటాలే నింపేవారు మాత్రం అదే పొడవున్న .357 డబ్బా తీసుకోవడం మేలు.