తెలుగు సైటుకు ఇంజిన్‌ఎక్స్: చార్‌సెట్ విషయంలో ఎంతవరకు నమ్మొచ్చు?

పేజీ తెరవగానే తెలుగు బదులు నెత్తిన గీతున్న ఇంగ్లిష్ 'ఏ', పక్కనే డిగ్రీ గుర్తు, మళ్లీ అదే ఏ, మళ్లీ డిగ్రీ... ఇలా బారులు తీరితే ఫాంటును తిట్టి లాభం లేదు. తెలుగులో అక్షరమైనా గుణింతపు గుర్తయినా యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతిలో) మూడు బైట్లు. 'అ' అంటే ఈ0, బీ0, 85. బ్రౌజర్ దాన్ని విండోస్-1252 అనే పాత ఎన్‌కోడింగ్‌గా చదివితే గీతున్న ఏ, డిగ్రీ, మూడు చుక్కలు అవుతుంది. ఫైల్లో తప్పు లేదు; అది ఏ ఎన్‌కోడింగో సర్వర్ చెప్పలేదు, లేదా తప్పు చెప్పింది.

ఆ మాట చెప్పడంలో ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ పని శుభ్రంగా ఉంటుంది, కాకపోతే మనం అడగందే చెప్పదు. ఎన్‌కోడింగ్ పేరు చెప్పే సెట్టింగు, అంటే చార్‌సెట్ డైరెక్టివ్, మొదట ఆఫ్‌లోనే ఉంటుంది. కాన్ఫిగ్ (సెట్టింగుల ఫైలు)లోని హెచ్‌టీటీపీ బ్లాకులో ఇలా రాయండి: చార్‌సెట్, ఖాళీ, యూటీఎఫ్-8, సెమీకోలన్. అంతే, సర్వర్‌లోని సైట్లన్నిటికీ వర్తిస్తుంది. 'ఇంజిన్‌ఎక్స్ మైనస్ టీ'తో కాన్ఫిగ్ పరీక్షించి, రీలోడ్ చేసి, 'కర్ల్ మైనస్ పెద్ద ఐ'తో కంటెంట్-టైప్ లైను (ఫైలు రకం, ఎన్‌కోడింగ్ చెబుతూ సర్వర్ ముందుగా పంపే హెడర్) చూడండి. బ్రౌజర్లో చూస్తే పాత క్యాష్ మోసం చేస్తుంది. సర్వర్ ముందు సీడీఎన్ (పేజీల నకళ్లు దాచి పంపే మధ్యవర్తి సేవ) ఉంటే అక్కడా పాత నకళ్లు పర్జ్ చేయాలి, అంటే తుడిచేయాలి.

ఇదే పని కొత్త హెడర్ చేర్చే యాడ్-హెడర్‌ డైరెక్టివ్‌తో చేద్దామనుకునేవారు చాలామంది. వద్దు. ఉన్న కంటెంట్-టైప్ మారదు, దాని కింద రెండోది చేరుతుంది.

అసలు లోటు చార్‌సెట్-టైప్స్ జాబితాలో, అంటే ఏ రకం ఫైళ్లకు చార్‌సెట్ చెప్పాలో రాసే చోట ఉంది. హెచ్‌టీఎంఎల్, ఎక్స్‌ఎంఎల్, మామూలు టెక్స్ట్, జావాస్క్రిప్ట్, ఆర్‌ఎస్‌ఎస్ ఉన్నాయి. సీఎస్‌ఎస్, సీఎస్‌వీ లేవు. సీఎస్‌ఎస్‌కు పేజీ ఎన్‌కోడింగే వర్తిస్తుంది కనుక నష్టం అరుదు. కావాలని చేరిస్తే మాత్రం జాగ్రత్త: కొత్తగా రాసిన జాబితా పాతదానికి తోడు కాదు, దాని స్థానంలో వస్తుంది. హెచ్‌టీఎంఎల్ ఒక్కటే దానంతటదే ఉంటుంది, మిగతావన్నీ మళ్లీ రాయాలి.

హెచ్‌టీఎంఎల్‌లోనే ఎన్‌కోడింగ్ చెప్పే మెటా ట్యాగు ఉందిగా అనొచ్చు. అది మొదటి 1024 బైట్లలోపు ఉండాలి, పైగా హెడర్ వేరేమాట చెబితే హెడర్‌దే గెలుపు. టీఎక్స్‌టీ ఫైలుకైతే మెటా పెట్టే చోటే లేదు. పద్యాలో, పాఠాలో మామూలు టెక్స్ట్‌గా పెట్టే సైట్లకు ఈ ఒక్క చార్‌సెట్ లైనే ప్రాణం.

వెనక పేజీలు తయారుచేసే పీహెచ్‌పీ ఉంటే, 5.6 వెర్షన్ నుంచి అది తనంతట తానే యూటీఎఫ్-8 అని పంపుతుంది. వెనకనుంచి చార్‌సెట్ వస్తే ఇంజిన్‌ఎక్స్ దాన్ని ముట్టుకోదు, కాబట్టి తప్పు అక్కడుంటే అక్కడే దిద్దాలి.

ఇంకో వెబ్ సర్వర్ అపాచీతో పోలిస్తే? అక్కడి యాడ్-డిఫాల్ట్-చార్‌సెట్‌కు 'ఆన్' అని పెడితే ఐఎస్‌ఓ-8859-1 (తెలుగు పట్టని ఎన్‌కోడింగ్) అని పంపుతుంది; మెటా ట్యాగు సరిగ్గా ఉన్న తెలుగు పేజీ కూడా చెడిపోతుంది. యూటీఎఫ్-8 అని పేరు పెట్టి రాయాల్సిందే. అదీ హెచ్‌టీఎంఎల్, మామూలు టెక్స్ట్ వరకే. మిగతావాటికి యాడ్-చార్‌సెట్‌తో ఎక్స్‌టెన్షన్లవారీగా చెప్పాలి. అయినా షేర్డ్ హోస్టింగ్‌లో మెయిన్ కాన్ఫిగ్ మన చేతికి రాదు. అలాంటిచోట సైటు ఫోల్డర్లోనే పెట్టే హెచ్‌టీయాక్సెస్ సెట్టింగుల ఫైల్లో రాసుకోనిచ్చే అపాచీయే మేలు, హోస్ట్ ఆ ఫైలుకు ఫైల్‌ఇన్ఫో అనుమతి (ఇలాంటి సెట్టింగులు అందులో రాసుకునే అనుమతి) ఇచ్చి ఉంటే. సొంత వీపీఎస్ (మొత్తం మన అదుపులో ఉండే వర్చువల్ సర్వర్) అయితే ఇంజిన్‌ఎక్స్‌కే నా ఓటు.