"ఒరిజినల్ బీకేఎఫ్" కుర్చీ అంటే వెంటనే డబ్బు కట్టేయకండి

బార్సిలోనాలో సెకండ్‌హ్యాండ్ ఫర్నిచర్ కొనే మనవాళ్లందరికీ ఇది. "1950ల నాటి ఒరిజినల్ బీకేఎఫ్, అసలు తోలు, సర్టిఫికెట్ ఉంది" అని ఇక్కడో పాత సామాన్ల షాపు నాకు 600 యూరోలకి ఒక కుర్చీ అంటగట్టింది. మనం బటర్‌ఫ్లై చైర్ అంటామే, ఇనప ఫ్రేమ్ నాలుగు మూలలకి తోలో కాన్వాసో జోలెలా తగిలించినది, అదే. కొన్నాళ్లకే పై మూల కుట్టు పుటుక్కున తెగి, కూర్చున్న మా బావగారు పక్కకి ఒరిగిపోయారు. చిరిగిన చోట చూస్తే పైన పలచని పొర, కింద నేసిన గుడ్డ! ఫ్రేమ్‌ని తడితే ఖాళీ గొట్టం మోత. ఇక ఆ సర్టిఫికెట్ మీద షాపు ముద్ర తప్ప ఇంకేం లేదు.

ఈ కుర్చీని 1938లో బ్యూనస్ ఐరిస్‌లో డిజైన్ చేసింది ముగ్గురు ఆర్కిటెక్టులు: బార్సిలోనాలో పుట్టిన ఆంటోని బోనెట్, అర్జెంటీనావాళ్లు కుర్చాన్, ఫెరారి అర్దోయ్. వాళ్ల పేర్ల మొదటి అక్షరాలే బీకేఎఫ్. తర్వాత అమెరికాలో నాల్ అనే ఫర్నిచర్ కంపెనీ హక్కులు కొని, నకళ్లు చేసేవాళ్ల మీద కోర్టుకెళ్లి ఓడిపోయింది. ఇక చెప్పేదేముంది, ఎవరు పడితే వాళ్లు చేశారు. అంచేత నిజంగా పాతదే అయినా నకలు కావచ్చు. ఎవరు తయారుచేశారో చూపించే పాత బిల్లు లేకపోతే "ఒరిజినల్" అన్న మాటకి ఒక్క యూరో కూడా ఎక్కువ ఇవ్వకండి.

స్పెయిన్ డిజైనర్ మిగేల్ మిలా దీపాల సంగతి వేరు. 1960ల నాటి సెస్తా, టీఎమ్ఎమ్ దీపాలని ఇప్పుడు ఇక్కడి సాంటా అండ్ కోల్ అనే కంపెనీ చేస్తోంది కాబట్టి వాటికి లేబుల్, బిల్లు అడిగితే అర్థముంది.

బీకేఎఫ్‌కి మాత్రం వస్తువునే పట్టి చూడాలి. మడత పడితే అది బీకేఎఫ్ కానే కాదు. ఫ్రేమ్ గట్టి ఇనప కడ్డీ అయ్యుండాలి, ఎత్తితే బరువు తెలిసిపోతుంది. తోలు అంచు కోసిన చోట మందమంతా పీచుపీచుగా కనిపించాలి. నాలుగు మూలల జేబుల్లోకి చెయ్యి పెట్టి కుట్లు తడిమి చూడండి, మనిషి బరువంతా మోసేది అవే. కాన్వాస్‌ది కొంటే తప్పేం లేదు, తోలు రేటుకి అమ్మితేనే గొడవ.

బిల్లు మీద "తోలు", "1950లు" అని రాయించుకోండి. స్పెయిన్‌లో షాపు అమ్మిన సెకండ్‌హ్యాండ్ వస్తువుకైనా చట్టప్రకారం కనీసం ఏడాది గ్యారంటీ ఉంటుంది. షాపులోనే ఫిర్యాదు ఫారం అడిగి నింపి ఇచ్చాను, ఇంకా జవాబు లేదు. ఈలోపు వాళ్లు ఇంకో "1950ల ఒరిజినల్" అమ్మకానికి పెట్టారు, ఫొటోలో మూలలు కనపడకుండా పైన గొర్రెతోలు పరిచి.