సర్కారు బడి మీద ఫిర్యాదు: బెంగళూరులో ఏ దారి మేలు?

హెడ్‌మాస్టర్‌ని అడగండి, సర్కారు హెల్ప్‌లైన్ 1902కి ఫోన్ చేయండి, బీఈవో (బ్లాక్ విద్యాధికారి) ఆఫీసుకు వెళ్లండి, ఆర్‌టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు వేయండి. బెంగళూరు సర్కారు బడిలో ఏ తేడా వచ్చినా తోటి తల్లిదండ్రులు చెప్పే సలహాలు ఈ నాలుగే. నాలుగూ మంచివే, కానీ ఒకటి చేసే పని ఇంకొకటి చేయదు. మరుగుదొడ్డి కంపు మీద ఆర్‌టీఐ వేసి నెల రోజులు కాచుకునే కుటుంబాలున్నాయి. పిల్లాడి వీపు మీద వాతలు తేలితే హెడ్‌మాస్టర్ సర్దిచెప్పాడని ఊరుకునే కుటుంబాలూ ఉన్నాయి. రెండు చోట్లా నష్టపోయేది పిల్లలే.

ముందుగా బడి ఎవరిదో చూసుకోండి. రాష్ట్ర విద్యాశాఖ బడికి బీఈవో పెద్ద. కార్పొరేషన్ బడి, అంటే ఇక్కడివాళ్లు పాలికె శాలె అనేది, ఒకప్పుడు బీబీఎంపీ కింద ఉండేది. 2025 సెప్టెంబరులో నగరం ఐదు కార్పొరేషన్లుగా విడిపోయింది కాబట్టి మీ ప్రాంతం ఏ కార్పొరేషన్‌లో పడిందో తెలుసుకుని దాని విద్యా విభాగానికి రాయాలి. కేంద్రీయ విద్యాలయమైతే బీఈవోకి సంబంధమే లేదు, ఆ బడులను నడిపే కేంద్రీయ విద్యాలయ సంఘటన్ (కేవీఎస్) ప్రాంతీయ కార్యాలయానికి వెళ్లాలి. తప్పు ఆఫీసులో ఇచ్చిన కాగితం అక్కడే మూలన పడుతుంది. ప్రతి బడికి గుర్తింపుగా 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది, కర్ణాటక బడులకు అది 29తో మొదలవుతుంది. అర్జీ మీద ఆ కోడ్ వేస్తే ఏ బడి అన్న తికమక రాదు.

హెడ్‌మాస్టర్, ఎస్‌డీఎంసీ దారి

నల్లా విరిగింది, తాగునీళ్లు రావడం లేదు, మరుగుదొడ్డి కడగడం లేదు, యూనిఫాం అందలేదు. ఇలాంటివాటికి ఇంతకన్నా త్వరగా తెమిలే దారి లేదు. బడి అభివృద్ధి, పర్యవేక్షణ సమితినే ఎస్‌డీఎంసీ అంటారు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఇలాంటి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. డబ్బు కూడా దీని చేతిలోనే ఉంటుంది. సమగ్ర శిక్ష పథకం కింద 101 నుంచి 250 మంది పిల్లలున్న బడికి ఏడాదికి 50 వేలు, 251 నుంచి వెయ్యి మంది ఉంటే 75 వేలు కాంపోజిట్ గ్రాంటుగా, అంటే బడి ఖర్చుల నిధిగా, లెక్క కట్టారు. అందులో కనీసం పది శాతం పరిశుభ్రతకే ఖర్చు చేయాలి. "నిధులు లేవు" అన్న జవాబు వస్తే ఈ ఏడాది గ్రాంటు ఎంత వచ్చింది, పరిశుభ్రతకు ఎంత పెట్టారు అని సమావేశంలోనే అడగండి, జవాబును మినిట్స్ పుస్తకంలో రాయించండి.

తక్కువ టీచర్లు, కొత్త గదులు, టీచర్ ప్రవర్తన లాంటివి కమిటీ చేతిలో లేవు. వాటి కోసం నెలల తరబడి హెడ్‌మాస్టర్ చుట్టూ తిరగడం వృథా.

బీఈవోకి రాతపూర్వక అర్జీ

మా అభిప్రాయంలో ఎక్కువ సమస్యలకు గట్టి దారి ఇదే. చట్టం వెన్నుదన్ను ఉండటమే కారణం. విద్యాహక్కు చట్టం సెక్షన్ 32 కింద ఇచ్చిన రాతపూర్వక ఫిర్యాదును ఇరుపక్షాల మాటా విని మూడు నెలల్లో తేల్చాలి. తేల్చింది నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల రక్షణ కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఫోన్‌లో చెప్పిన మాటకు ఈ బలం ఉండదు. అందుకే అర్జీలో "ఆర్‌టీఈ (విద్యాహక్కు) చట్టం 2009, సెక్షన్ 32" అని తప్పకుండా రాయండి, ఒక ప్రతి బీఈవోకి పై అధికారి అయిన జిల్లా డీడీపీఐకి కూడా పంపండి.

నగరంలో బీఈవో ఆఫీసులు ఉత్తర, దక్షిణ విద్యా జిల్లాల కింద దక్షిణ-1, ఉత్తర-3 అంటూ నంబర్ల వారీగా ఉంటాయి. మీ బడి దేని కిందకి వస్తుందో హెడ్‌మాస్టర్ గది బోర్డు మీద చూడొచ్చు. అర్జీ కన్నడంలో ఉంటే పని త్వరగా కదులుతుంది, ఇంగ్లిషైనా ఫరవాలేదు. తెలుగులో రాస్తే చదివేవాళ్లు దొరకడమే కష్టం. కన్నడంలో బీఈవోను క్షేత్ర శిక్షణాధికారి అంటారు, అక్కడ శిక్షణ అంటే చదువు. ఫిర్యాదును దూరు అంటారు. విన్నపాన్ని మనవి అంటారు, మనలాగే.

ఒక కాగితంలో ఒకే సమస్య రాయండి. పిల్లల పేరు, తరగతి, తేదీలు, ఏం జరిగింది, ఏం చేయమంటున్నారు, అంతే. ఒకే అర్జీలో ఏడు సమస్యలు కుక్కితే అన్నిటికన్నా తేలికైనదానికి జవాబిచ్చి ఫైలు మూసేస్తారు. పేరు లేని అర్జీని పక్కన పెట్టేస్తారు. భయముంటే ఐదారు కుటుంబాలు కలిసి సంతకం పెట్టండి. రెండు ప్రతులు తీసుకెళ్లి, మీ ప్రతి మీద ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. దీన్నే ఇక్కడ స్వీకృతి అంటారు. అది లేకపోతే మూడు నెలల లెక్క ఏ రోజు నుంచి మొదలైందో రుజువు ఉండదు. ముద్ర వేయనంటే గొడవ పడకండి. అదే కాగితాన్ని స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

1902 బీఈవో అర్జీకి బదులా?

కాదు, తోడు మాత్రమే. 1902 రాష్ట్ర ప్రభుత్వ జనస్పందన హెల్ప్‌లైన్. కూలిపనికి పోయేవాళ్లకు, ఆఫీసుకు వెళ్లడానికి రోజు పని పోగొట్టుకోలేని వాళ్లకు ఇది నిజంగా మేలు. టికెట్ నంబరు వస్తుంది, అది మళ్లీ విద్యాశాఖ అధికారి దగ్గరికే చేరుతుంది. చిక్కు ఎక్కడొస్తుందంటే, "పరిష్కరించాం" అని ఒక్క వాక్యం రాసి టికెట్ మూసేయవచ్చు. అలా జరిగితే కొత్తగా మొదలుపెట్టకండి. పాత నంబరు చెప్పి మళ్లీ తెరిపించండి, ఆ నంబరును బీఈవో అర్జీలో కూడా రాయండి.

ఆర్‌టీఐ ఫిర్యాదు కాదు, ఆధారం తెచ్చుకునే పనిముట్టు. పది రూపాయల ఫీజు, బీపీఎల్ కుటుంబాలకు అదీ లేదు. జవాబుకు 30 రోజుల గడువు. కర్ణాటకలో దరఖాస్తు 150 పదాలు దాటకూడదు, ఒకే విషయం మీద ఉండాలి. చాలామంది దరఖాస్తులు ఇక్కడే వెనక్కి వస్తాయి. "టీచర్లను ఎందుకు వేయలేదు?" అని అడిగితే జవాబు రాదు. "మంజూరైన పోస్టులెన్ని, భర్తీ అయినవెన్ని, హాజరు పట్టిక నకలు ఇవ్వండి" అంటే వస్తుంది. విద్యాహక్కు చట్టం లెక్కలో ఒకటి నుంచి ఐదో తరగతి వరకు 60 మంది పిల్లలకు ఇద్దరు, 61 నుంచి 90 మందికి ముగ్గురు టీచర్లుండాలి. ఆ నకలును ఈ లెక్క పక్కన పెట్టి బీఈవో అర్జీకి జతచేస్తే కాదనడం కష్టం. ఆర్‌టీఐ దరఖాస్తు రాయడం రానివాళ్లు నోటితో చెబితే, దాన్ని కాగితం మీద పెట్టడంలో సమాచార అధికారి సాయం చేయాలని సమాచార హక్కు చట్టంలోనే ఉంది.

బిసియూట, అంటే మధ్యాహ్న భోజనం, విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. అన్నంలో పురుగు కనిపిస్తే తేదీ తెలిసేలా ఫొటో తీసి అదే రోజు హెడ్‌మాస్టర్‌కి, తాలూకాలో భోజన పథకాన్ని చూసే అక్షర దాసోహ అధికారికి రాసి ఇవ్వండి. మర్నాటికి గిన్నెలు కడిగేస్తారు, రుజువు మిగలదు.

పిల్లల ఒంటి మీద చెయ్యి పడితే

ఇక్కడ ఏది మేలని తూచే పనే లేదు. దెబ్బలు, అవమానించే మాటలు విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 కింద నిషేధం. ముందు సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్లి మెడికో లీగల్ కేసుగా రాయించండి. ఆ తర్వాత 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కి చెప్పండి, బాలల హక్కుల కమిషన్‌కీ బీఈవోకీ ఒకేసారి రాయండి. లైంగిక వేధింపు అని అనుమానం వచ్చినా బడిలో పంచాయితీ పెట్టనివ్వకండి, నేరుగా పోలీసులకు, 112కి చెప్పండి. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం కింద తెలిసీ చెప్పకపోవడం కూడా నేరమే, అది హెడ్‌మాస్టర్‌కీ వర్తిస్తుంది. పోలీసులు యూనిఫాం లేకుండా రావాలి. పాపకు కన్నడం రాకపోతే అనువాదకుణ్ణి ఏర్పాటు చేయాలి, ఆ మాట మీరే అడగండి. పిల్లల ముఖం కనిపించే వీడియోలను మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో తిప్పకండి.

ఫిర్యాదు చేస్తే టీసీ చేతిలో పెట్టి పంపేస్తారన్న భయం అనంతపురం, కర్నూలు వైపు నుంచి వచ్చిన కుటుంబాల్లో ఎక్కువ. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి వెళ్లగొట్టడం విద్యాహక్కు చట్టం సెక్షన్ 16 ప్రకారం కుదరదు. మీరే వేరే సర్కారు బడికి మారాలనుకుంటే హెడ్‌మాస్టర్ టీసీ వెంటనే ఇవ్వాలి. అది ఆలస్యమైందన్న సాకుతో కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదు. టీసీకి ఎవరైనా లంచం అడిగితే అది బీఈవో దగ్గర తేలే విషయం కాదు, లోకాయుక్తకు వెళ్లండి.