"కొనండి" బటన్‌ను నమ్మకండి, డబ్బు కట్టిన సినిమా మాయమైంది

ప్లాట్‌ఫారం పేరు చెప్పను, వాడేవాళ్లకి ఈపాటికే అర్థమైపోయి ఉంటుంది. అద్దెకు ఒక బటన్, దాని పక్కనే ఎక్కువ రేటుతో "కొనండి" అని ఇంకో బటన్ పెడతారే, వాళ్లే. నేను రెండోదే నొక్కాను. సినిమాల గురించి రాసుకునేవాణ్ని, ఒక్కో షాట్ వెనక్కి తిప్పి తిప్పి చూడాలి. 48 గంటల అద్దె నాకేం సరిపోతుంది?

నిన్న రాత్రి ఒక సీన్‌లో లైటింగ్ గురించి రాస్తూ, ఎందుకైనా మంచిదని ఒకసారి సరిచూసుకుందామనుకున్నాను. తెరిస్తే "ఈ కంటెంట్ ప్రస్తుతం అందుబాటులో లేదు" అని వచ్చింది. పోస్టర్ ఉండాల్సిన చోట బూడిద రంగు డబ్బా. యాప్ తీసేసి మళ్లీ వేశాను, టీవీలో చూశాను, ఫోన్‌లో చూశాను, అంతటా అదే డబ్బా. ఆర్డర్ల పేజీలో రసీదు మాత్రం చెక్కుచెదరకుండా ఉంది!

సపోర్ట్ చాట్‌లో చాలాసేపు కాచుకున్నాక ఒకతను వచ్చాడు. "ఆ సినిమా హక్కులు మా దగ్గర ముగిశాయి సర్" అన్నాడు. సరే, కొత్తవాళ్లకి అమ్మడం ఆపండి, నేను కొన్నది నాకివ్వండి అన్నాను. అప్పుడు బయటపడింది అసలు మాట.

"మీరు సినిమా కొనలేదు సర్, చూడ్డానికి లైసెన్స్ తీసుకున్నారు. షరతులకి మీరే ఒప్పుకున్నారు కదా."

మరి బటన్ మీద "కొనండి" అని ఎందుకు రాశారయ్యా అంటే కాసేపు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత తీరిగ్గా, "మీరు ముందే డౌన్‌లోడ్ చేసుకుని ఉండాల్సింది" అని ఉచిత సలహా.

ఇక్కడే నాకు ఒళ్లు మండింది. నేను డౌన్‌లోడ్ చేశాను! ఫైలు ఇప్పటికీ ట్యాబ్‌లో ఉంది, గిగాబైట్లకు గిగాబైట్లు జాగా తింటూ. కానీ అది ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైలు. తెరిచే కీ వాళ్ల సర్వర్ ఇవ్వాలి, యాప్ అప్పుడప్పుడూ వెళ్లి లైసెన్స్ రెన్యూ చేసుకోవాలి. సర్వర్ కుదరదంటే ఆ ఫైలు ఉన్నా లేనట్టే. ఇదంతా ఓపిగ్గా టైప్ చేస్తే, "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని ఎక్కడినుంచో కాపీ చేసి అతికించాడు. డబ్బు వెనక్కివ్వమంటే స్టోర్ క్రెడిట్ ఇస్తారట, దానికీ గడువుందట. అంటే గడువులోగా నేను మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్లి మళ్లీ అదే బటన్ నొక్కాలన్నమాట. ఎంత దయ!

అన్నట్టు 4K (బాగా స్పష్టమైన బొమ్మ) రేటు నా దగ్గర వసూలు చేసినా ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో ఎప్పుడూ మసక బొమ్మే వచ్చేది. వీడియోలకి తాళం వేసే వైడ్‌వైన్ అనే వ్యవస్థలో అన్నిటికన్నా కింది భద్రతా స్థాయి ఎల్3, దానికి చాలా చోట్ల మంచి క్వాలిటీ ఇవ్వరు, ఇదంతా దాని మహిమ. అప్పుడే అనుమానం రావాల్సింది.

ఇలాంటివి కొత్తేం కాదు. 2009లో అమెజాన్ జనం కిండిల్‌ల్లోంచి కొన్న పుస్తకాలనే చెరిపేసింది, కాకపోతే డబ్బు తిరిగిచ్చింది. 2019లో మైక్రోసాఫ్ట్ ఈబుక్ స్టోర్ మూసేసినప్పుడూ పుస్తకాలు పోయాయి, డబ్బు వెనక్కొచ్చింది. 2023 చివర్లో సోనీ, ప్లేస్టేషన్‌లో కొన్న డిస్కవరీ షోలను లైబ్రరీల్లోంచి తీసేస్తామని ప్రకటించి, గోల అయ్యాక వెనక్కి తగ్గింది. కాలిఫోర్నియాలో అయితే 2025 నుంచి ఏకంగా చట్టమే ఉంది: ఇచ్చేది లైసెన్స్ మాత్రమే అయితే, "కొనండి" అని రాసినచోట ఆ సంగతి స్పష్టంగా చెప్పాలి. ఇవన్నీ పదిమందికీ లెక్చర్లు దంచే మేధావిని నేను. నా లైబ్రరీ జోలికి మాత్రం ఎవరూ రారనుకున్నాను.

డిస్క్ దొరికే సినిమాకి డిస్కే కొనండి. బ్లూ-రేలకి ఏ, బీ, సీ అని రీజియన్లుంటాయి, మీ ప్లేయర్‌కి నప్పేదేనా చూసుకోండి. డీఆర్ఎం (ఇలా కంపెనీ చేతిలో ఉండే డిజిటల్ తాళం) లేని ఫైలు అమ్మేవాళ్లుంటే ఇంకా మేలు. రెండూ లేకపోతే అద్దెకే చూడండి, అక్కడ కనీసం ఎన్ని గంటలో నిజం చెబుతారు. సపోర్ట్ చాట్‌కి వెళ్తే మొదటి మెసేజ్ నుంచే స్క్రీన్‌షాట్లు తీసుకోండి. నేను తీసేలోపే అతను చాట్ మూసేశాడు.