పాత ట్యాంకుకు కొత్త లైనింగ్: పని బాగుంది, టైమే బాలేదు

పాశమైలారంలో మాది బల్క్ డ్రగ్ యూనిట్, అంటే మందుల ముడిసరుకు చేసే ఫ్యాక్టరీ. ఈటీపీ, అంటే మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు, నేనే చూస్తాను. 1998లో కట్టిన ఈక్వలైజేషన్ ట్యాంకు (రకరకాల మురుగును శుద్ధికి ముందు కలిపి ఉంచే తొట్టి) గోడలు నీటిమట్టానికి పైన పెచ్చులూడి, ఊచలు బయటపడ్డాయి. అడుగుభాగం మాత్రం గట్టిగానే ఉంది. మురుగులోంచి లేచే హైడ్రోజన్ సల్ఫైడ్ పై తడిగోడకు పట్టి, బ్యాక్టీరియా వల్ల సల్ఫ్యూరిక్ యాసిడ్‌గా మారుతుంది. సిమెంటును తినేసేది అదే.

కొత్తది కడదామన్నారు మావాళ్లు. స్థలమేదీ? పాతది కూలిస్తే ప్లాంటు నెలల తరబడి ఆపాలి. అందుకే గోడలకు లోపలివైపు ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్ కలిపిన ప్లాస్టిక్) లైనింగ్ వేసే కాంట్రాక్టరును పిలిచాం.

దిగే ముందు రోజూ బ్లోయరు పెట్టి, గ్యాస్ మీటరు తాడుతో లోపలికి దింపి చూశాకే మనిషిని పంపేవారు. పైన ఒకరు కాపలా. సగం మార్కులు దీనికే. గోడంతా సుత్తితో తట్టి, గుల్లగా మోగిన చోటల్లా చెక్కేసి, ఊచల తుప్పు గీకి, రిపేర్ మోర్టార్ పట్టించారు.

తేడా కొట్టింది లైనింగ్ దగ్గర. వానాకాలం, గోడ ఆరలేదు. అయినా ప్రైమర్ కొట్టేశారు. మూడో రోజుకు అరచెయ్యంత బొబ్బలు! గీకించి మళ్లీ వేయించాను. కిక్కురుమనకుండా వేశారు, పైసా ఎక్కువ అడగలేదు. కానీ 20 రోజులన్న పని 34 రోజులైంది. ఆ అదనపు రెండు వారాలు మురుగు మోసిన ట్యాంకర్ల కిరాయి మా నెత్తినే పడింది.

తర్వాత నీళ్లు నింపి 7 రోజులు ఉంచాం. బయటి గోడ ఎక్కడా చెమర్చలేదు.

వీళ్లను పిలిస్తే ఏప్రిల్లో పిలవండి. గోడ తేమ చూసే మీటరు మాత్రం మీరే కొని దగ్గర పెట్టుకోండి.