నోటా ఆమె, పూలొద్దన్న ఆమె

కడప ఏడురోడ్ల దగ్గర టీ తాగుతూ మా మామకు అమెరికా సంతాప ప్రకటనలు రెండు చదివి వినిపించాను. మొదటిది 2016 మేలో, వర్జీనియాలోని రిచ్మండ్‌కు చెందిన 68 ఏళ్ల ఆమెది. ట్రంప్, హిల్లరీలలో ఒకరికి ఓటేయాల్సి వచ్చేసరికి ఆమె ఇద్దరినీ కాదని దేవుడి దగ్గరికే వెళ్లిపోయిందని ఇంట్లోవాళ్లు రాయించారు. మామకు టీ పొలమారింది. "ఓరబ్బా, మనకైతే 2013 నుంచి నోటా ఉంది. దానికోసం అంత దూరం పోవాల్నా?"

రెండోది 2015లో, న్యూజెర్సీది. పూలు తేవద్దు, బదులుగా హిల్లరీకి ఓటేయకండి అని వేడుకోలు. మామ నవ్వలేదు. "ఇది పాంప్లెట్ రా" అన్నాడు.

నా ఓటూ మొదటిదానికే. ఇద్దరికీ సమానంగా చురక తగిలింది. రెండోది చదివి బంధువుల్లో కొందరైనా మొహం మాడ్చుకునే ఉంటారు. (పూల ఖర్చు తప్పించిన తెలివి మాత్రం దానిదే.)

మన ఫ్లెక్సీల్లో ఈ గొడవే లేదు. పోయినాయన ఫొటో స్టాంపంత, నాయకుడిది గోడంత. "నా ఫ్లెక్సీలో నాయకుడెవరైనా కనబడితే లేచొచ్చి చించుతా" అని మామ ఇప్పుడే చెప్పిపెట్టాడు.